డ్రైవర్‌కు నిద్ర నేర్పడం: సిస్టమ్ సస్పెండా, రన్‌టైమ్ పీఎమ్మా, రెండూనా?

నేను మొదటిసారి రాసిన టచ్ ప్యానెల్ డ్రైవర్‌లో సస్పెండ్ ఫంక్షన్ మూడు పనులే చేసేది. ఇంటరప్ట్ (చిప్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) ఆపడం, రీసెట్ పిన్ కిందికి లాగడం, రెగ్యులేటర్ (చిప్‌కు కరెంటు ఇచ్చే భాగం) కట్టేయడం. అరగంటలో రాసేశాను. రెజ్యూమ్ మాత్రం మూడు వారాలు తినేసింది. బోర్డు లేచేది, స్క్రీన్ వెలిగేది, కానీ వేలితో మొదటిసారి తాకితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. రెండోసారి తాకితే మామూలుగా పనిచేసేది. టెస్టింగ్ వాళ్లు "ఒక్కోసారి టచ్ రావట్లేదు" అని రాసి పంపేవాళ్లు. నా టేబుల్ మీద ఎన్నిసార్లు చూసినా అంతా బాగానే ఉండేది. ఎందుకో తర్వాత తెలిసింది. నేను బోర్డును లేపి, చేతిలో కాఫీ కప్పు కింద పెట్టి, అప్పుడు తాకేవాణ్ణి. ఆ కాస్త వ్యవధిలో చిప్ లోపలి ఫర్మ్‌వేర్ తీరిగ్గా లేచి కూర్చునేది.

చంటిపిల్లను నిద్రపుచ్చడానికి గంట పడుతుంది, లేపడానికి గిన్నె చప్పుడు చాలు. డివైస్‌ల సంగతి దీనికి తలకిందులు. అందుకే లినక్స్ డ్రైవర్‌కు ఏ రకం పవర్ మేనేజ్‌మెంట్ పెట్టాలో తేల్చుకునేటప్పుడు "ఎంత కరెంటు మిగులుతుంది" అన్న ప్రశ్నతో మొదలుపెట్టను. "లేవడానికి ఎంతసేపు పడుతుంది, అంతసేపు ఎవరు ఎదురుచూస్తారు" అని అడుగుతాను. కింద రాసిన పోలికంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు రెండు నిద్రల తేడా

సిస్టమ్ సస్పెండ్ అంటే ఊరంతా ఒకేసారి పడుకోవడం. పవర్ డైరెక్టరీలోని స్టేట్ ఫైల్‌లో "మెమ్" అని రాస్తే చాలు. కెర్నెల్ ముందు యూజర్ ప్రాసెస్‌లను స్తంభింపజేస్తుంది. ఆ తర్వాత డివైస్‌లను రిజిస్టర్ అయిన వరుసకు వెనక నుంచి నిద్రపుచ్చుతుంది, అంటే పిల్ల డివైస్ ముందు, అది ఏ డివైస్ ద్వారా కనెక్ట్ అయి ఉందో ఆ తల్లి డివైస్ తర్వాత. రన్‌టైమ్ పీఎం (పీఎం అంటే పవర్ మేనేజ్‌మెంట్) అలా కాదు. ఊరు మెలకువగానే ఉంటుంది, పని లేని డివైస్ ఒక్కటే కునుకు తీస్తుంది. ఈ రెండో పద్ధతి 2009 చివర్లో వచ్చిన 2.6.32 కెర్నెల్‌తో మొదలైంది. అంతకుముందు ఒక్కో సబ్‌సిస్టమ్ తనకు తోచినట్టు ఏదో చేసుకునేది.

డ్రైవర్ ఇచ్చే పీఎం ఆప్స్ స్ట్రక్చర్‌లో మొత్తం 23 కాల్‌బ్యాక్‌లు (సమయం వచ్చినప్పుడు కెర్నెల్ పిలిచే ఫంక్షన్లు) ఉంటాయి. ఆ సంఖ్య చూసి టెన్షన్ పడక్కర్లేదు. చాలా డ్రైవర్లకు రెండు సరిపోతాయి, కొన్నిటికి నాలుగు. ఇరవై దాటి నింపిన డ్రైవర్ రివ్యూకి వస్తే నేను ముందు అనుమానిస్తాను, తర్వాత చదువుతాను.

ఏమీ రాయకపోవడం కూడా ఒక ఎంపికే

సప్లై ఎప్పుడూ ఉండే ఐటూసీ (చిప్‌లను కలిపే రెండు తీగల దారి) ఈఈప్రామ్ (పవర్ పోయినా డేటా నిలిచే చిన్న మెమరీ చిప్) లాంటిదానికి గుర్తుపెట్టుకోవలసిన స్థితి ఏదీ ఉండదు. అడిగినప్పుడు చదువుతుంది, లేనప్పుడు ఊరకే ఉంటుంది. దానికి కాల్‌బ్యాక్ రాస్తే తప్పులకు కొత్త చోటు ఇచ్చినట్టే. పీసీఐ డివైస్‌లకైతే కాన్ఫిగరేషన్ స్పేస్ దాచి, తిరిగి పెట్టే పని పీసీఐ కోర్ చేస్తుంది. పాత డ్రైవర్లలో ఆ పని చేతితో చేసిన కోడ్ కనిపిస్తుంది, దాన్ని చూసి కాపీ కొట్టకండి.

సిస్టమ్ సస్పెండ్ మాత్రమే

డివైస్ ఎప్పుడూ పనిలోనే ఉంటుందా? లేదా ఖాళీగా ఉన్నప్పుడు కూడా పెద్దగా కరెంటు తినదా? అప్పుడు ఇది చాలు. సస్పెండ్, రెజ్యూమ్ రెండు ఫంక్షన్లు రాసి "డిఫైన్ సింపుల్ డెవ్ పీఎం ఆప్స్" మాక్రోకి ఇచ్చేయండి. "డిఫైన్" లేని పాత మాక్రో ఇప్పుడు వద్దన్నారు. 2022లో వచ్చిన 5.17 నుంచి కొత్త మాక్రోను "పీఎం స్లీప్ పీటీఆర్"తో కలిపి వాడితే, పవర్ మేనేజ్‌మెంట్ లేకుండా కట్టిన కెర్నెల్‌లో ఆ ఫంక్షన్లను కంపైలరే తీసేస్తుంది. చుట్టూ ఇఫ్‌డెఫ్‌లు (షరతు మీద కోడ్‌ను తీసేసే గుర్తులు) అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. సిస్టమ్ నిద్రలో రెండు రకాలున్నాయి: సీపీయూ ఊరకే ఉండే తేలిక నిద్ర ఎస్‌టూఐడిల్, లోతైన నిద్ర డీప్. ఇదే సస్పెండ్ ఫంక్షన్ రెంటిలోనూ నడుస్తుంది, కానీ ఆ రెంటిలో మీ తప్పు వేర్వేరు చోట్ల బయటపడుతుంది. డీప్ నిద్రలో ప్లాట్‌ఫారమ్ ఫర్మ్‌వేరే చాలా భాగాలకు పవర్ తీసేస్తుంది. డ్రైవర్ డివైస్‌ను ఆపడం మరిచిపోయినా ఎవరికీ తెలియదు. కానీ రిజిస్టర్లన్నీ పోతాయి కాబట్టి రెజ్యూమ్‌లో ప్రతిదీ మళ్లీ రాయాలి. ఎస్‌టూఐడిల్‌లో పవర్ ఎవరూ తీయరు. రిజిస్టర్లు అలాగే ఉంటాయి కాబట్టి రెజ్యూమ్‌లో లోపం కనిపించదు, కానీ మీరు ఆపని డివైస్ రాత్రంతా బ్యాటరీ తాగుతుంది. మూత మూసి బ్యాగులో పెట్టిన లాప్‌టాప్ పొద్దున్నే వేడిగా చేతికి తగిలితే, ఇలాంటి డివైస్ ఒకటి మెలకువగా ఉండిపోయి ఉండొచ్చు. ఒక్క రకంలోనే టెస్ట్ చేసి "పనిచేస్తోంది" అంటే సగం పరీక్ష రాసి వచ్చినట్టే.

రన్‌టైమ్ పీఎం రాసి, దాన్నే సిస్టమ్ సస్పెండ్‌కీ వాడుకోవడం

ఎస్‌ఓసీ (ప్రాసెసర్, కంట్రోలర్లు ఒకే చిప్‌లో ఉండేవి) బోర్డుల మీద క్లాక్, రెగ్యులేటర్, కొద్దిగా రిజిస్టర్ స్థితి ఉండే మామూలు డివైస్‌లకు నేను ఎక్కువగా చెప్పేది ఇదే. రన్‌టైమ్ సస్పెండ్, రన్‌టైమ్ రెజ్యూమ్ రెండే రాయండి. సిస్టమ్ సస్పెండ్ కాల్‌బ్యాక్‌లుగా "పీఎం రన్‌టైమ్ ఫోర్స్ సస్పెండ్", "ఫోర్స్ రెజ్యూమ్" పెట్టండి. "డిఫైన్ రన్‌టైమ్ డెవ్ పీఎం ఆప్స్" మాక్రో సరిగ్గా ఈ పనే చేస్తుంది.

లాభం ఎక్కడంటే, ఫోర్స్ సస్పెండ్ ముందు డివైస్ స్థితి చూస్తుంది. అప్పటికే కునుకు తీస్తుంటే ముట్టుకోదు. మెలకువగా ఉంటేనే మీ రన్‌టైమ్ సస్పెండ్‌ను పిలుస్తుంది. ఫోర్స్ రెజ్యూమ్ కూడా నిద్రకు ముందు డివైస్ వాడుకలో ఉంటేనే లేపుతుంది. లేకపోతే మొదటిసారి ఎవరైనా అడిగేదాకా అలాగే పడుకోనిస్తుంది. ఎవరికీ అక్కర్లేని డివైస్‌ల కోసం సిస్టమ్ ఎదురుచూడదు, రెజ్యూమ్ సమయం తగ్గుతుంది.

దీనికి దగ్గరగా కనిపించి ముంచే మాక్రో ఒకటుంది: "యూనివర్సల్ డెవ్ పీఎం ఆప్స్". అది రెండు నిద్రలకూ ఒకే ఫంక్షన్‌ను నేరుగా తగిలిస్తుంది, మధ్యలో స్థితి చూసేవాడు ఉండడు. డివైస్ రన్‌టైమ్‌లో ఒకసారి పడుకుని ఉండగా సిస్టమ్ సస్పెండ్ వస్తే అదే ఫంక్షన్ రెండోసారి నడుస్తుంది. రెగ్యులేటర్‌ను రెండుసార్లు కట్టేస్తారు, లాగ్‌లో "అన్‌బ్యాలెన్స్‌డ్ డిజేబుల్స్" అని వస్తుంది. ఆ లైన్ కనిపిస్తే ముందు ఈ మాక్రో ఉందేమో వెతకండి. దీన్ని కూడా వాడొద్దనే అన్నారు, పాత కోడ్‌లో ఇంకా బతికే ఉంది.

ఫోర్స్ పద్ధతి పనికిరాని చోట్లు రెండున్నాయి. ఒకటి, సిస్టమ్‌ను నిద్ర లేపాల్సిన డివైస్. పవర్ బటన్, కీబోర్డ్, నెట్‌వర్క్ కార్డ్ లాంటివి. రన్‌టైమ్ సస్పెండ్‌లో పూర్తిగా పవర్ తీసేసే డ్రైవర్‌కు ఫోర్స్ సస్పెండ్ పెడితే, తలుపు కొట్టేవాడు కూడా లోపల పడుకున్నట్టే. రెండోది, ఇతర డివైస్‌లు ఆధారపడే కంట్రోలర్. ఫోర్స్ సస్పెండ్ జరిగాక ఆ డివైస్‌కు రన్‌టైమ్ పీఎం ఆగిపోతుంది. తర్వాత ఏ క్లయింటైనా దాన్ని లేపబోతే "ఈయాక్సెస్" ఎర్రర్ వస్తుంది. అందుకే ఐటూసీ, ఎస్‌పీఐ కంట్రోలర్ డ్రైవర్లలో చాలావరకు ఫోర్స్ సస్పెండ్‌ను మామూలు దశలో కాకుండా సస్పెండ్ చివర్లో వచ్చే లేట్ లేదా నోఐఆర్‌క్యూ దశలో పెడతారు (దశల సంగతి కింద చెబుతాను).

రెండూ విడివిడిగా

రెండు నిద్రల్లో చేయాల్సిన పని నిజంగా వేరైతే ఈ దారి తప్పదు. వేకప్ ఉండే డివైస్‌లు, కెమెరా, డిస్‌ప్లే, నెట్‌వర్క్ ఈ కోవకు వస్తాయి. వైఫై చిప్ రన్‌టైమ్‌లో కనెక్షన్ నిలుపుకుని కునుకు తీస్తుంది, సిస్టమ్ నిద్రలో వేకప్ నమూనాలు రాసుకుని పడుకోవాలి. ఒకే ఫంక్షన్‌లో ఇఫ్ పెట్టి ఈ రెంటినీ ఇరికిస్తే ఆరు నెలల తర్వాత మీకే అర్థం కాదు.

ఇక్కడ మరిచిపోకూడనిది ఒకటి. సిస్టమ్ సస్పెండ్ మొదలయ్యే సమయానికి డివైస్ రన్‌టైమ్ నిద్రలో ఉండొచ్చు. సస్పెండ్ కాల్‌బ్యాక్‌లోకి రాగానే రిజిస్టర్ చదివితే, క్లాక్ లేని హార్డ్‌వేర్‌ను ముట్టుకున్నట్టు. కొన్ని ఎస్‌ఓసీల మీద ఎర్రర్ కూడా రాదు, చిప్ లోపల డేటా వెళ్లే దారి (బస్) బిగుసుకుపోతుంది, బోర్డు అక్కడికక్కడే ఆగిపోతుంది. ముందు లేపండి, లేదా లేచి ఉందో లేదో చూడండి.

ఏ దశలో?

సస్పెండ్‌కు వరుసగా ప్రిపేర్, సస్పెండ్, లేట్, నోఐఆర్‌క్యూ అని నాలుగు దశలు. రెజ్యూమ్ దీనికి ఎదురు నడక. కొత్తవాళ్లకు ఒక ఆకర్షణ ఉంటుంది. ఆర్డర్ సమస్య వస్తే "నాది ఇంకా చివరి దశలో పెట్టేస్తే పోలా" అని నోఐఆర్‌క్యూకి జరిపేస్తారు. ఆ దశలో డివైస్ ఇంటరప్ట్ హ్యాండ్లర్లు నడవవు. మీ చిప్ ఐటూసీ మీద ఉంటే, కంట్రోలర్ ట్రాన్స్‌ఫర్ అయిపోయిందని చెప్పే ఇంటరప్ట్ రాదు, మీ రైట్ టైమ్ అవుట్ దాకా వేలాడుతుంది. కంట్రోలర్ అప్పటికే పడుకుని ఉంటే లాగ్‌లో "ట్రాన్స్‌ఫర్ వైల్ సస్పెండెడ్" అన్న హెచ్చరిక వస్తుంది. మామూలు క్లయింట్ డ్రైవర్‌కు మామూలు సస్పెండ్ దశే సరైనది.

ఆర్డర్ సమస్యకు అసలు మందు డివైస్ లింక్. తల్లీపిల్లా సంబంధం లేకపోయినా "ఇది దాని మీద ఆధారపడింది" అని కెర్నెల్‌కు చెప్పండి, వరుస అదే చూసుకుంటుంది. దశ మార్చడం అనేది నొప్పి ఉన్న పన్ను వదిలి పక్క పన్ను పీకడం లాంటిది.

వెంటనే పడుకోవాలా, కాస్త ఆగాలా?

రన్‌టైమ్ పీఎం ఎంచుకున్నాక వచ్చే అసలు ప్రశ్న ఇది. పని అయిన వెంటనే "పుట్" (ఇక నాకు అక్కర్లేదు అని చెప్పే ఫంక్షన్) పిలిస్తే వెంటనే నిద్ర. ఆటోసస్పెండ్ అయితే మీరు చెప్పినంతసేపు ఖాళీగా ఉంటేనే నిద్ర.

ఇది లెక్కేసుకోవాల్సిన సంగతి, ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సెన్సర్ ఖాళీగా ఉన్నప్పుడు 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, నిద్రలో దాదాపు సున్నా అనుకుందాం. లేవడానికి 150 మిల్లీసెకన్లు, ఆ సమయంలో 30 మిల్లీ ఆంపియర్లు. ఒక్కసారి లేపడానికి అయ్యే ఖర్చు 30 ఇంటూ 0.15, అంటే 4.5 మిల్లీ ఆంపియర్ సెకన్లు. నిద్రలో సెకనుకు మిగిలేది 10. అంటే 0.45 సెకన్ల కంటే తక్కువ విరామాల్లో నిద్రపుచ్చితే మిగలకపోగా నష్టం. ఆ సెన్సర్‌ను సెకనుకు నాలుగుసార్లు చదివే అప్లికేషన్ ఉండి, మీరు ప్రతిసారీ నిద్రపుచ్చుతుంటే, పవర్ మేనేజ్‌మెంట్ పేరుతో బ్యాటరీని ఇంకా త్వరగా ఖాళీ చేస్తున్నారు.

విరామాలు ఎంతెంత వస్తాయో ముందే తెలియకపోతే ఆలస్యాన్ని ఆ 0.45 దగ్గరే పెట్టండి. అలా పెడితే, విరామాలు ఎంత కలిసిరాకపోయినా, భవిష్యత్తు ముందే తెలిసినవాడు పెట్టే ఖర్చుకు రెండింతలు మించదు. అంతకంటే మంచి హామీ ఏ స్థిరమైన ఆలస్యంతోనూ దొరకదు. ఆ తర్వాత కొలిచి చూసి పెంచుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీకి కెర్నెల్ పెట్టుకున్న ఆలస్యం 2 సెకన్లు. అయినా హబ్‌లకు తప్ప మిగతా డివైస్‌లకు ఆటోసస్పెండ్ మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది. కారణం తెలుసుకోవాలంటే ఒక మౌస్‌కు కంట్రోల్ ఫైల్‌లో "ఆటో" రాసి చూడండి. చాలా మౌస్‌లు మొదటి కదలికను మింగేస్తాయి, కొన్నయితే నొక్కితే గానీ లేవవు. కరెంటు లెక్కలో లాభమే, వాడేవాడికి మాత్రం చిరాకు.

ఆడియోలో ఈ మూల్యం చెవికి వినిపిస్తుంది. కోడెక్‌కు (శబ్దాన్ని నడిపే చిప్‌కు) పవర్ తీసి పెట్టిన ప్రతిసారీ కొన్ని మెషిన్లలో స్పీకర్ "టప్" మంటుంది. ఇంటెల్ హెచ్‌డీ ఆడియో డ్రైవర్‌లో ఇలాంటి మెషిన్ల కోసమే పవర్ సేవ్ ఆఫ్ చేసే జాబితా ఒకటి కోడ్‌లోనే రాసి పెట్టారు. కాబట్టి లెక్క ప్రకారం అర సెకను వచ్చినా, మనిషి చూసే, వినే, తాకే డివైస్ అయితే నేను ఆలస్యాన్ని చాలా పెంచుతాను.

లెక్క తప్పే చోట్లు

రన్‌టైమ్ పీఎం అంతా వాడుక లెక్క మీద నడుస్తుంది: గెట్ అంటే లెక్క ఒకటి పెరుగుతుంది, పుట్ అంటే ఒకటి తగ్గుతుంది, సున్నా అయితేనే నిద్ర. "గెట్ సింక్" ఫెయిల్ అయినా లెక్క మాత్రం పెంచుతుంది. ఎర్రర్ దారిలో తగ్గించడం మరిస్తే డివైస్ ఇక ఎప్పటికీ పడుకోదు. ఈ తప్పు వందల డ్రైవర్లలో దొరికింది. దానికోసమే 5.10లో "రెజ్యూమ్ అండ్ గెట్" తెచ్చారు, అది ఫెయిల్ అయితే లెక్కను తనే సరిచేస్తుంది. కొత్త కోడ్‌లో అదే వాడండి.

రన్‌టైమ్ సస్పెండ్‌లో "ఇప్పుడు కుదరదు" అనాలంటే ఈబిజీ లేదా ఈఎగెయిన్ అనే ఎర్రర్ కోడ్ ఇవ్వండి. వేరే ఎర్రర్ ఇస్తే కోర్ దాన్ని హార్డ్‌వేర్ చెడిపోయిందన్నట్టు గుర్తుపెట్టుకుని, ఎవరో ఆ గుర్తు చెరిపేదాకా రన్‌టైమ్ పీఎం చేయడానికి ఒప్పుకోదు. సిస్టమ్ సస్పెండ్‌లో అయితే మీరు ఇచ్చే ఏ ఎర్రరైనా మొత్తం మెషిన్ నిద్రనే చెడగొడుతుంది. మూత మూసినవాడు మీ చిన్న సెన్సర్ కోసం రాత్రంతా బ్యాటరీ పోగొట్టుకోవాలా? నిజంగా డేటా పోయే ప్రమాదం ఉంటే తప్ప లాగ్‌లో హెచ్చరిక రాసి సున్నా (అంటే అంతా సరే) ఇచ్చేయడమే మర్యాద.

ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి డివైస్‌ను లేపాలని "ఐఆర్‌క్యూ సేఫ్" పెట్టేవాళ్లున్నారు. అది పెడితే తల్లి డివైస్ శాశ్వతంగా మెలకువగా ఉండిపోతుంది. థ్రెడెడ్ ఇంటరప్ట్‌కు (హ్యాండ్లర్ ఆగి ఎదురుచూడగల థ్రెడ్‌లో నడిచే రకానికి) మార్చుకోవడం ఎప్పుడూ మేలు.

ప్రోబ్ (డివైస్ దొరికినప్పుడు డ్రైవర్‌లో మొదట నడిచే ఫంక్షన్) గురించి ఒక్క మాట. రన్‌టైమ్ పీఎం దృష్టిలో ప్రతి డివైస్ మొదట పడుకునే ఉంటుంది. మీరు ప్రోబ్‌లో పవర్ పెట్టి ఉంటే, ఎనేబుల్ చేసే ముందు "సెట్ యాక్టివ్" అని చెప్పండి. చెప్పకపోతే లెక్కకూ వాస్తవానికీ మొదటి నుంచే పొత్తు కుదరదు.

హైబర్నేషన్‌లో (మెమరీ ఇమేజ్‌ను డిస్క్ మీదకు రాసి ఆపేసే నిద్రలో) ఫ్రీజ్, థా, పవర్ ఆఫ్, రిస్టోర్ అని వేరే కాల్‌బ్యాక్‌లుంటాయి. మామూలు మాక్రోలు వాటికీ ఇవే ఫంక్షన్లు తగిలిస్తాయి, సాధారణంగా అది చాలు. డీఎంఏ చేసే (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలోకి రాసే) డివైస్ ఉంటే మాత్రం ఫ్రీజ్ తర్వాత ఒక్క బైటు కూడా మెమరీలోకి రాయకుండా చూసుకోండి. ఇమేజ్ తీస్తున్నప్పుడు మెమరీ మారితే లేచేది వేరే మెషిన్.

ఎలా పరీక్షించాలి

పీఎం టెస్ట్ ఫైల్‌లో "డివైసెస్" అని రాసి సస్పెండ్ చేస్తే, డివైస్‌లు మాత్రం పడుకుని 5 సెకన్ల తర్వాత లేస్తాయి, ఫర్మ్‌వేర్ దాకా వెళ్లదు. మీ డ్రైవర్‌దా, ప్లాట్‌ఫారమ్‌దా తప్పు అన్నది ఇక్కడే సగం తేలిపోతుంది. తర్వాత ఆర్‌టీసీవేక్‌తో (చెప్పిన సమయానికి మెషిన్‌ను లేపే టూల్‌తో) ఇరవై సెకన్ల నిద్రలు లూప్‌లో పెట్టి రాత్రి వదిలేయండి. ఎస్‌టూఐడిల్‌లో ఒక రాత్రి, డీప్‌లో ఒక రాత్రి. రన్‌టైమ్ సంగతి డివైస్ పవర్ డైరెక్టరీలోని "రన్‌టైమ్ సస్పెండెడ్ టైమ్" చెబుతుంది. అది పెరగకపోతే ఎవరో గెట్ చేసి పుట్ మరిచి ఉండొచ్చు. రెజ్యూమ్‌లో మెషిన్ పూర్తిగా బిగుసుకుపోతే పీఎం ట్రేస్ ఉంది. ఎక్కడిదాకా వచ్చిందో ఆ గుర్తును ఆర్‌టీసీ గడియారంలో దాస్తుంది, కాబట్టి రీబూట్ అయ్యాక తేదీ ఎక్కడికో పోతుంది. ఇది తెలియక నేను ఒక మధ్యాహ్నమంతా తప్పు తేదీ వల్ల వచ్చిన సర్టిఫికెట్ ఎర్రర్లతో కుస్తీ పట్టాను.

ఆ టచ్ ప్యానెల్ విషయానికొస్తే, రీసెట్ వదిలాక చిప్‌కు ఫర్మ్‌వేర్ లోడ్ చేసుకునే సమయం కావాలి. నా రెజ్యూమ్ ఆగకుండా వెళ్లిపోయేది. అక్కడ ఎదురుచూడటం పెడితే టచ్ సరిపోయింది, కానీ మొత్తం రెజ్యూమ్ అంతమేరకు నెమ్మదించింది. చివరికి ఎసింక్ సస్పెండ్‌కు (డివైస్‌లు ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఏకకాలంలో పడుకుని లేచే పద్ధతికి) అనుమతిచ్చి, ఆ నిరీక్షణ మిగతా డివైస్‌లు లేచే సమయంలోనే కలిసిపోయేలా చేశాను. రన్‌టైమ్ పీఎం పెట్టలేదు. స్క్రీన్ వెలిగి ఉన్నంతసేపూ వేలు ఎప్పుడైనా పడొచ్చు, స్క్రీన్ ఆరితే ఎలాగూ మొత్తం పడుకుంటుంది.

ఇప్పుడు టెస్ట్ చేసేటప్పుడు కాఫీ కప్పు దూరంగా పెడతాను. బోర్డు లేవకముందే వేలు అద్దం మీద సిద్ధంగా ఉంటుంది.